గోడకు పెద్ద స్టెన్సిల్, తక్కువ ఖర్చులో: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను వృత్తి పెయింటర్ని కాదు. సెలవు రోజుల్లో ప్రభుత్వ బళ్లకు, అంగన్‌వాడీలకు గోడల మీద బొమ్మలు వేసే చిన్న గుంపులో ఒకణ్ణి. మా దగ్గర చేతులు ఎక్కువ, డబ్బులు తక్కువ. అందుకే పెద్ద స్టెన్సిల్ (బొమ్మ ఆకారంలో కోసిన షీటు, గోడకు పెట్టి పైన రంగు వేస్తే బొమ్మ పడుతుంది) చవగ్గా ఎలా చేసుకోవాలో మేం తప్పులు చేసి నేర్చుకున్నాం. పదేపదే అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

పెద్ద స్టెన్సిల్ ఎక్కడ ప్రింట్ చేయించాలి?

మామూలు ప్రింటరు, ప్లాన్ ప్రింట్ షాపు, ఫ్లెక్సు షాపు, రేడియం స్టిక్కర్ షాపు, అన్నీ దారులే, ఒక్కొక్కటీ కింద చెప్పాను. కానీ ఈ ప్రశ్న వేసినవాళ్లను నేను ముందు ఒకటి అడుగుతాను: ఆ బొమ్మ ఎన్నిసార్లు వేస్తారు? బడి గోడ మీద ఒకే ఒక్క నెమలి వేసేదుంటే దానికి గట్టి షీటు కొనడం దండగ. కాగితం చాలు, అసలు కోయకుండానే పని అవుతుంది (ఆ పద్ధతి కింద చెప్పాను). అదే హాలు చుట్టూ ఒకే పువ్వు బోర్డరు తిప్పాలంటే కాగితం నాలుగో పువ్వుకే మెత్తబడి చేతికొస్తుంది. అక్కడ ప్లాస్టిక్ షీటు మీద ఖర్చు పెట్టాల్సిందే. అయితే బోర్డరు ముక్క చిన్నది కాబట్టి ఆ ఖర్చూ చిన్నదే. ఒక్కసారి వేసే పెద్ద బొమ్మను, పదేపదే వేసే చిన్న బొమ్మను ఒకే గాటన కట్టినప్పుడే డబ్బు వృథా అవుతుంది.

మామూలు ఏ4 ప్రింటర్‌తో 6 అడుగుల బొమ్మ వస్తుందా?

వస్తుంది. బొమ్మను ముక్కలు చేసి, ఒక్కో ముక్క ఒక్కో కాగితం మీద ప్రింట్ తీసి, అతికించుకోవాలి.

లెక్క చూడండి. ఏ4 కాగితం 210×297 మిల్లీమీటర్లు. ప్రింటర్ అంచుల్లో వదిలేసేది, అతికించడానికి ఒకదాని మీద ఒకటి వచ్చేది తీసేస్తే మనకు దక్కేది 190×277 వరకే. 6 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు ఉన్న బొమ్మకు అడ్డంగా 7, నిలువుగా 7, మొత్తం 49 కాగితాలు పడతాయి. ఏ3లో తీస్తే 25 చాలు. ప్రింటు 2 రూపాయలైతే ఏ4లో 98 రూపాయలు, 5 అయితే 245. దీనికి జిగురు టేపు, ఓ పూట ఓపిక అదనం.

ఒక్క జాగ్రత్త. బొమ్మను నల్లగా నింపి ప్రింట్ తీయకండి, గీత మాత్రమే ఉంచండి. నింపితే ఇంకు తాగేస్తుంది, ఇంక్‌జెట్ ప్రింటర్లో కాగితం ముడతలు పడుతుంది. పైగా షాపువాడు ఫుల్ బ్లాక్ అని ఎక్కువ అడుగుతాడు. మిల్లీమీటరు మందం గీత మనకు చాలు.

ముక్కలు చేయడానికి ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

డబ్బు పెట్టి కొనాల్సింది ఏదీ లేదు. బొమ్మ పీడీఎఫ్‌లో ఉంటే అడోబ్ రీడర్‌లో ప్రింట్ ఇచ్చేటప్పుడు 'పోస్టర్' అనే బటన్ ఉంటుంది. అది నొక్కితే ఎన్ని శాతం పెంచాలో, కాగితాలు ఒకదాని మీద ఒకటి ఎంత రావాలో అడుగుతుంది. కట్ మార్కులు, లేబుళ్లు రెండూ టిక్ పెట్టండి. లేబుల్ లేకుండా 49 కాగితాలు నేల మీద పరిస్తే ఏది తోకో ఏది రెక్కో తెలుసుకోవడానికే సాయంత్రం అవుతుంది.

విండోస్‌లో ఉండే మామూలు పెయింట్‌లోనూ పేజ్ సెటప్‌కి వెళ్లి అడ్డం ఇన్ని పేజీలు, నిలువు ఇన్ని పేజీలు అని ఇవ్వొచ్చు. పోస్టరేజర్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటుంది, ఆ ఒక్క పనే చేస్తుంది, బాగా చేస్తుంది. బొమ్మను మీరే గీయాలన్నా, ఫొటోను గీతలుగా మార్చాలన్నా ఇంక్‌స్కేప్ నేర్చుకోండి, అదీ ఉచితమే. అందులో 'ట్రేస్ బిట్‌మ్యాప్' ఫొటోను గీతల బొమ్మగా మార్చి ఇస్తుంది. గీతల బొమ్మను ఎంత పెంచినా అంచులు పళ్లు పళ్లుగా రావు.

వాట్సాప్‌లో బొమ్మ పంపేటప్పుడు ఫొటోగా పంపొద్దు, డాక్యుమెంట్‌గా పంపండి. ఫొటోగా పంపితే అది బొమ్మను నలిపేసి పంపుతుంది.

ప్రింట్లు తెచ్చాను కానీ గీతలు ఒకదానికొకటి కలవడం లేదు. ఎందుకు?

నూటికి తొంభై సార్లు కారణం సైజు సెట్టింగే. మా మొదటి నెమలి కథ చెబుతాను. జిరాక్స్ షాపులో సగం పేజీలు ప్రింట్ అయ్యాక కాగితం ఇరుక్కుంది. షాపు కుర్రాడు మిషన్ ఆపి, మళ్లీ పెట్టి, మిగతా పేజీలు తీసి ఇచ్చాడు. మేం బడి వరండాలో కూర్చుని తోక వైపు నుంచి అతికించుకుంటూ వచ్చాం. ఈకలన్నీ చక్కగా కలిశాయి. మెడ దగ్గరికి వచ్చేసరికి గీత గీతకు కలవదు. ఒక్కో కాగితానికి ఏడెనిమిది మిల్లీమీటర్ల తేడా. మొదటి విడత 'యాక్చువల్ సైజ్'లో (ఉన్న సైజులోనే), రెండో విడత 'ఫిట్'లో (కాగితంలో పట్టేలా కుదించి) తీశాడని అప్పటికి అర్థమైంది. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి చూసి, "సార్, దీని తల చిన్నదైపోయింది" అంది. తల ముక్కలన్నీ మళ్లీ తీయించాం.

అప్పటినుంచి మొదటి పేజీ మీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత ఒకటి పెడుతున్నాం. ఆ పేజీ ఒక్కటి ముందు తీయించి, స్కేలు పెట్టి కొలిచి, సరిపోయాకే మిగతావి తీయమంటాం. కాగితం సైజు ఏ4 బదులు 'లెటర్' (అమెరికా కాగితం సైజు) అని ఉందేమో కూడా చూడండి. చాలా కంప్యూటర్లలో అది దానంతటదే ఉంటుంది.

అతికించే బాధ లేకుండా ఒకే పెద్ద కాగితం మీద రాదా?

వస్తుంది. ఇల్లు ప్లాన్లు ప్రింట్ తీసే షాపుకి వెళ్లండి. మున్సిపల్ ఆఫీసు, రిజిస్ట్రేషన్ ఆఫీసు, ఇంజనీరింగ్ కాలేజీల చుట్టుపక్కల ఇలాంటివి ఉంటాయి. 'ప్లాన్ ప్రింట్' అని అడిగితే చాలు. వాళ్ల మిషన్లో చుట్టగా వచ్చే కాగితం ఉంటుంది, సాధారణంగా 24 లేదా 36 అంగుళాల వెడల్పు. చుట్ట కాబట్టి పొడవుకి ఇబ్బంది లేదు. పైన చెప్పిన 6×4 అడుగుల బొమ్మ 36 అంగుళాల చుట్ట మీద రెండు పట్టీల్లో అయిపోతుంది. అంటే 49 కాగితాలకు బదులు ఒకే ఒక్క అతుకు.

ధర అడిగేటప్పుడు 'బ్లాక్ అండ్ వైట్ లైన్ డ్రాయింగ్' అని గట్టిగా చెప్పండి. బొమ్మ అనగానే కలర్ పోస్టర్ రేటు చెప్పే షాపులున్నాయి. నా మటుకు నాకు, ఒక్కసారి వేసే బొమ్మకు ఇంతకన్నా మంచి దారి లేదు.

ఫ్లెక్సు మీద ప్రింట్ చేయిస్తే?

చేయించొచ్చు. పది అడుగుల వెడల్పు దాకా వస్తుంది, నీళ్లకు తడవదు, కడిగి మళ్లీ వాడుకోవచ్చు. రేటు చదరపు అడుగు లెక్కన ఉంటుంది, ఊరిని బట్టి, మందాన్ని బట్టి మారుతుంది. కానీ కొత్త ఫ్లెక్సు ఎందుకు? మన ఊళ్లలో పాత ఫ్లెక్సుకి కరువా! పుట్టినరోజు శుభాకాంక్షలు, ఎన్నికలు, పండగలు అయిపోయాక చాలావరకు చెత్తలోకే పోతాయి. పెట్టినవాళ్లను అడిగి తెచ్చుకోండి. వెనక వైపు తెల్లగా ఉంటుంది. ప్లాన్ ప్రింట్ కాగితాన్ని దాని మీద అతికించి, రెండూ కలిపి కోసేయండి. మా గుంపు దగ్గరున్న పెద్ద ఆకుల స్టెన్సిల్ వెనక్కి తిప్పితే ఒక నాయకుడిగారి చెయ్యి ఇప్పటికీ ఊపుతూనే ఉంటుంది.

ఫ్లెక్సు లోపల దారపు వల ఉంటుంది. బ్లేడు మొద్దుబారితే అంచున పోగులు లేచి రంగు పీకుతాయి, కాబట్టి బ్లేడు తరచుగా మార్చాలి. ఇంకో మాట: సోల్డరింగ్ ఐరన్‌తో కాల్చి కోస్తే అంచు నున్నగా వస్తుందని ఎవరైనా చెబితే వినకండి. ఫ్లెక్సు పీవీసీ. కాలితే వచ్చే పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు.

కోయకుండా బొమ్మను గోడ మీదికి ఎక్కించే పద్ధతి ఏమిటి?

ఇది మగ్గం వర్క్ చేసేవాళ్ల దగ్గర నేర్చుకున్నాను. జాకెట్టు మీద డిజైన్ ఎక్కించడానికి వాళ్లు ట్రేసింగ్ పేపరు మీద గీత వెంబడి సూదితో చిల్లులు పొడుస్తారు. దాన్ని బట్ట మీద పరిచి, కిరసనాయిల్లో కలిపిన పొడిని గుడ్డతో రుద్దుతారు. కాగితం తీస్తే బట్ట మీద చుక్కల బొమ్మ. ఆ కాగితం పదుల జాకెట్లకు పనికొస్తుంది. మన ఇళ్లలో చిల్లుల ముగ్గు పళ్లెం పని చేసేదీ ఇలాగే.

గోడకీ అంతే, కాకపోతే కిరసనాయిలు వద్దు. నూనె తగిలిన చోట రంగు పట్టదు. పొడిగానే కొట్టాలి.

ప్రింట్ తీసిన కాగితాన్ని మెత్తటి దుప్పటి మడత మీదో థర్మాకోల్ మీదో పరిచి, గీత వెంబడి మూడు నాలుగు మిల్లీమీటర్లకో చిల్లు పొడవండి. టైలర్లు వాడే పళ్ల చక్రం ఉంటే వేగంగా అవుతుంది. కుట్టుమిషన్ ఉన్నవాళ్లు దారం తీసేసి, గీత మీద కాగితాన్ని నడిపించినా సరిపోతుంది. పొడిచాక కాగితం తిప్పి, వెనకవైపు లేచిన అంచులను సన్న ఉప్పు కాగితంతో తేలిగ్గా రుద్దండి. ఈ పని మానేస్తే చిల్లులు మళ్లీ మూసుకుపోయి పొడి దిగదు.

తర్వాత పలచటి పాత పంచె గుడ్డలో పొడి వేసి చిన్న మూట కట్టండి. లేత రంగు గోడకు జాజు, ముదురు గోడకు సుద్దముక్కల పొడి. బొగ్గు పొడి గీత బాగా కనిపిస్తుంది కానీ పసుపు, తెలుపు రంగుల్లో కలిసి మసి చేస్తుంది. కాగితాన్ని గోడకు అతికించి మూటతో తట్టుకుంటూ పోండి. రుద్దొద్దు. ఒక మూల లేపి చూసి, చుక్కలు పడ్డాయనుకున్నాకే కాగితం తీయండి. చుక్కల మీద పెన్సిల్‌తో ఒకసారి గీసి, పొడి బట్టతో దులిపి రంగు మొదలుపెట్టొచ్చు.

ఎదురెదురుగా రెండు చిలకలు కావాలా? అదే కాగితాన్ని తిప్పి పట్టుకుని కొట్టండి. రెండో ప్రింటు ఖర్చు కూడా మిగులుతుంది.

తెలుగు అక్షరాలు స్టెన్సిల్‌గా కోస్తే మధ్య ముక్కలు రాలిపోతున్నాయి. ఏం చేయాలి?

సున్నా, ర, ఠ లాంటి అక్షరాల్లో గీత చుట్టూ తిరిగి మూసుకుంటుంది. కోస్తే లోపలి ముక్క ఊడి పడుతుంది. మొదటిసారి మేం 'గ్రంథాలయం' అని కోసినప్పుడు రెండు సున్నాలూ రెండు నల్ల బిళ్లలయ్యాయి. లోపలి ముక్కను బయటి షీటుకు కలిపి ఉంచే సన్నటి లంకెలు వదలాలి. అడుగు ఎత్తు అక్షరానికి లంకె కనీసం సెంటీమీటరు ఉండాలి, లేకపోతే రంగు తడికి వంగుతుంది. సున్నాకు ఒకటి కాదు, ఎదురెదురుగా రెండు. రంగు ఆరాక ఆ ఖాళీలను సన్న కుంచెతో పూడ్చేయొచ్చు. అలాగే వదిలేసినా బాగుంటుంది, లారీల మీద అంకెల్లా.

ఫాంటు లావుగా ఉన్నది తీసుకోండి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే రామభద్ర గోడ రాతకు బాగా పనికొస్తుంది. సన్నగా మెలికలు తిరిగే ఫాంట్లలో ఒత్తులు కోయడం నరకం.

షాపులో ఫైలు తెరిస్తే నా తెలుగంతా చెల్లాచెదురైంది...

ఫ్లెక్సు షాపుల్లో చాలావరకు అనూ ఫాంట్లతో (డీటీపీ వాళ్లు వాడే పాత తరహా తెలుగు ఫాంట్లు) పని నడుస్తుంది. మీరు యూనికోడ్‌లో (ఫోన్లలో మామూలుగా వాడే తెలుగు) టైప్ చేసిన ఫైలు వాళ్ల పాత ఫొటోషాప్‌లో తెరిస్తే ఒత్తులు విడిపోతాయి, గుణింతాలు పక్కకు జరుగుతాయి. ఇంక్‌స్కేప్‌లో 'పాత్' మెనూలోకి వెళ్లి 'ఆబ్జెక్ట్ టు పాత్' చేస్తే అక్షరాలు బొమ్మలైపోతాయి, ఇక ఏ కంప్యూటర్లోనూ చెదరవు. అది చేసి పీడీఎఫ్ ఇవ్వండి. చేసేముందు అక్షరదోషాలు చూసుకోండి, తర్వాత దిద్దడం కుదరదు.

రేడియం స్టిక్కర్ షాపువాళ్లు కోసి ఇస్తారా?

ఇస్తారు, శుభ్రంగా కోసిస్తారు. బండ్ల నంబర్లు, పేర్లు కోసే మిషనే ఇది. సాధారణంగా రెండడుగుల వెడల్పు దాకా కోస్తుంది, పొడవు మీ ఇష్టం. ఒక్కటే చెప్పాలి: "నాకు అక్షరాలు వద్దు, అక్షరాల చుట్టూ మిగిలే షీటు కావాలి." వాళ్లకు అలవాటుగా చుట్టూ ఉన్నది పీకి చెత్తబుట్టలో వేసేస్తారు.

ఇందులో లంకెల గొడవ లేదు. సున్నా లోపలి ముక్క కూడా విడిగా గోడకు అంటుకుని ఉంటుంది. కానీ ఒక్కసారికే పనికొస్తుంది, సున్నం వేసిన గోడకు అసలు పనికిరాదు. బడి పేరు, వాటర్ ట్యాంకు మీద రాత లాంటి వాటికి తీసుకుంటే బాగుంటుంది. మూడు గోడలకు మూడు బొమ్మలంటే ఖర్చు పెరిగిపోతుంది.

పదేపదే వాడే చిన్న స్టెన్సిల్‌కి చవకైన షీటు ఏది?

పాత ఎక్స్‌రే ఫిల్ము. పెద్ద సైజుది 14×17 అంగుళాలుంటుంది, గట్టిగా ఉంటుంది, తడవదు, అంచు చక్కగా తెగుతుంది. ప్రింటును పైన అతికించి కోసేయడమే. మూలన రోగి పేరు ఉంటుంది, అది ముందే కత్తిరించి పారేయండి. తర్వాతి స్థానం మైలార్ (గట్టి ప్లాస్టిక్) షీటుది, మీటర్ల లెక్కన దొరికితే బోర్డర్లకు అంతకన్నా మన్నేది లేదు. ఓహెచ్‌పీ షీట్లు (పాత ప్రొజెక్టర్లకు వాడే పారదర్శక ప్లాస్టిక్ షీట్లు) పలచన, రోలరు తగిలితే లేస్తాయి. చార్ట్ పేపరు మీద గీసి, రెండు వైపులా వెడల్పాటి ప్లాస్టర్ టేపు అంటించి కోసినా పాతిక సార్లు వస్తుంది.

లేజర్ కటింగ్, సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే మిషన్) కటింగ్ గురించి అడుగుతుంటారు. అవి జాలీలు, తలుపులు చేసేవాళ్ల లెక్కలు. ఒకే డిజైన్ చాలా ఇళ్లకు వేసే పెయింటరైతే ఆలోచించండి.

కోయడానికి ఏం వాడాలి?

పది ఇరవై రూపాయల పేపర్ కట్టరు చాలు, కొన విరిచి కొత్త మొన తెచ్చుకునే రకం. కింద పాత కిటికీ అద్దం పెట్టుకోండి, అంచులకు టేపు చుట్టి. చెక్క మీద కోస్తే బ్లేడు చెక్క గీతల వెంట పోతుంది. గుండ్రంగా ఉన్న చోట చేతిని తిప్పకండి, షీటును తిప్పండి. లోపలి చిన్న ముక్కలు ముందు, బయటి పెద్ద ముక్కలు చివర. తలకిందులుగా చేస్తే షీటు వదులైపోయి చిన్న ముక్కలు చిరుగుతాయి.

రంగు స్టెన్సిల్ కిందికి పాకి అంచులు చెడిపోతున్నాయి.

రంగు ఎక్కువైంది, అంతే. ఎమల్షన్‌లో నీళ్లు కలపకుండా వాడండి. స్పాంజినో నాలుగంగుళాల ఫోమ్ రోలర్‌నో రంగులో ముంచి, ముందు పాత పేపరు మీద రెండు మూడుసార్లు దొర్లించండి. ఇక రంగు లేదనిపించినప్పుడు గోడ మీద పెట్టండి. పలచగా రెండు పూతలు వేయాలి, ఒక్కసారే దట్టంగా కాదు. కుంచె అయితే పొడిచినట్టు నిలువుగా కొట్టాలి, పక్కకు లాగొద్దు.

రేడియం స్టిక్కరు, టేపు అంచులకైతే ఇంకో కిటుకుంది. ముందు గోడ రంగునే ఒక పూత అంచుల మీద వేయండి. పాకేదేదో ఆ రంగే పాకి సందులు మూసుకుంటాయి. అది ఆరాక మీ రంగు వేస్తే గీత కోసినట్టు వస్తుంది.

టేపు పీకితే గోడ రంగు కూడా ఊడొస్తోంది.

సున్నం గోడకు, పాత డిస్టెంపరు గోడకు ఇది తప్పదు. పెయింటర్లు వాడే పేపర్ టేపునే వాడండి. దాన్ని కూడా ముందు చొక్కాకి రెండుసార్లు అంటించి పీకి, పట్టు తగ్గించి గోడకు పెట్టండి. అరచేత్తో గోడను రుద్ది చూడండి, తెల్లగా అంటితే టేపు వద్దు. ఇద్దరు పట్టుకుని ఒకరు వేయండి, లేదా చుక్కల పద్ధతికి మారండి.

ప్రొజెక్టరు ఉంటే ఇదంతా అవసరమా?

ఒక్కసారి వేసే బొమ్మకు అవసరం లేదు. చీకటి పడ్డాక గోడ మీద బొమ్మ వేసి పెన్సిల్‌తో గీసుకోండి. ప్రొజెక్టరు గోడకు నేరుగా ఎదురుగా ఉండాలి, వంకరగా పెడితే బొమ్మ సాగుతుంది. మధ్యలో ఎవరూ స్టాండు తన్నకుండా చూసుకోవడమే అసలు కష్టం. బడిలో పిల్లల మధ్య అది మా వల్ల కాలేదు.

నెట్‌లో దొరికిన ఏ బొమ్మైనా వేసేయొచ్చా?

ముగ్గులు, లేపాక్షి స్తంభాల మీది లతలు, నెమళ్లు, తామరలు ఎవరి సొత్తూ కాదు, మీరే గీసుకోండి. ఒక ఆర్టిస్టు గీసి పెట్టిన బొమ్మ అయితే అడిగి వాడండి, ముఖ్యంగా డబ్బు తీసుకుని వేసే పని అయితే. గోడ విషయంలోనూ అంతే. సొంత ప్రహరీ అయితే సరే, వీధి గోడ, ఫ్లైఓవర్ స్తంభం అయితే మున్సిపాలిటీ అనుమతి కాగితం చేతిలో ఉండాలి.

వాడాక స్టెన్సిళ్లు ఎలా దాచుకోవాలి?

రంగు తడి ఆరకముందే కడిగేయండి. ఎండాక గోకితే లంకెలు తెగుతాయి. ఫ్లెక్సు స్టెన్సిళ్లను మడత పెట్టొద్దు, రంగు వైపు బయటికి ఉండేలా చుట్టండి. చిల్లుల కాగితాన్ని దులిపి పాత క్యాలెండర్ గొట్టంలో పెట్టుకోండి. గొట్టం మీద బొమ్మ పేరు, సైజు, ఏ గోడకు వాడారో రాసిపెట్టండి. మా నెమలి కాగితం అలాగే మూడు బళ్లు తిరిగింది. నాలుగో బడికి తీసేసరికి తోక భాగం ఎలుకలు కొట్టేశాయి, అందుకే ఆ గోడ మీద నెమలి కూర్చుని ఉంది.